గోడ ఆరకముందే మందు కొట్టొద్దు

ఇంట్లోకి వచ్చిన వరద నీళ్లు తీసి రెండు మూడు రోజులే అయి ఉంటే, మిగతా పని పక్కన పెట్టి ముందు ఈ ఒక్క మాట వినండి. బాత్రూం కడిగే యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను ఒకే బకెట్లో కలపకండి. ఒకటి చల్లిన చోట రెండోది పోయకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీదికి వదిలిన విషవాయువు అదే. కిటికీ లేని బాత్రూంలో, తలుపు మూసిన చిన్న పడకగదిలో అది కళ్లను, గొంతును, ఊపిరితిత్తులను కాలుస్తుంది. పొరపాటున కలిపితే బకెట్ అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తండి. కళ్లు మండుతుంటే పావుగంట సేపు ధారగా నీళ్లు పోసి కడగండి. దగ్గు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి. బకెట్ తీయడానికని ఎవరూ మళ్లీ లోపలికి వెళ్లకండి.

ఇక ఈ హెచ్చరికలోని అసలు సంగతి. వరద పోయాక గోడకు పట్టే బూజును ఏ మందూ పోగొట్టదు. గోడ ఆరితేనే అది పోతుంది. మందు ఎంచుకోవడం చివర చేయాల్సిన పని. మన కాలనీల్లో అదే మొదటి పని అయిపోతోంది. దాంతో డబ్బు పోతోంది, ఊపిరీ చెడుతోంది, బూజు మాత్రం మళ్లీ వస్తోంది.

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ వాళ్లకు 2020 అక్టోబరు గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. 13న పట్టిన వాన తెల్లవారేసరికి బేగంపేటలో 19 సెంటీమీటర్లు దాటింది. అక్టోబరు నెలకు సంబంధించి 1903 నాటి రికార్డు ఆ ఒక్క రోజుతో చెరిగిపోయింది. మన వైపు హయత్‌నగర్, హస్తినాపురం ప్రాంతాల్లో వాన ఇంకా ఎక్కువ, 28 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పడింది. మీర్‌పేట చెరువులు పొంగి సరూర్‌నగర్ చెరువులోకి, ఆ చెరువు నిండి దిగువ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. కోదండరాం నగర్, సీసల బస్తీ, కమలా నగర్ మీదుగా చైతన్యపురి దాటి మూసీలో కలవాల్సిన నీరు ఇళ్లల్లో నిలిచింది. వీధుల్లో పడవలు తిరిగాయి. కింది పోర్షన్ల వాళ్లు పై అంతస్తుల్లో తలదాచుకున్నారు. ఆ నీళ్లలో వాన ఎంత ఉందో డ్రైనేజీ అంత ఉంది.

నీళ్లు తీశాక ఏమైందో కూడా గుర్తు చేసుకుందాం. బురద ఎత్తారు, ఇల్లు కడిగారు, పాడైన సామాను వీధిలో పడేశారు. ప్రభుత్వం బాధిత కుటుంబానికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. ఆ డబ్బు పరుపుకే సరిపోదు, గోడ దాకా ఎలా వస్తుంది? రెండో వారానికి బీరువా వెనక, మంచం తలాపున, సజ్జ కింద నల్లటి చుక్కలు మొదలయ్యాయి. అప్పటినుంచి ఏ వానాకాలం నీళ్లొచ్చినా పెయింట్ల దుకాణాల ముందు ఇదే సంభాషణ.

"అన్నా, గోడలన్నీ నల్లగైనయి. ఫంగస్ పోయే మందేమన్నా ఉందా?"

"ఉంది తమ్మీ. ఇది కొట్టి, మీదికెల్లి రెండు కోటింగులెయ్యి. మల్ల రాదు."

అడిగినవాడికి ఇంట్లో పసిపిల్ల దగ్గుతోందన్న ఆరాటం. చెప్పినవాడికి రోజూ చెప్పే అలవాటు. గోడ తడిగా ఉందా ఆరిందా అని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

బూజు విత్తనాలు ఎక్కడినుంచో రానక్కర్లేదు. అవి గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటికి కావాల్సింది తడి, కాస్త తిండి. వరద ఒండ్రు, పాత పెయింటు పొర, ప్లైవుడ్, అట్టపెట్టెలు, పరుపులో దూది, అన్నీ వాటికి తిండే. తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుందని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతోంది. అదే సంస్థ ఇంకో మాట కూడా చెబుతోంది: బూజు తీయడానికి క్రిమిసంహారకాలు వాడటం మామూలు పద్ధతి కాకూడదు, ఎందుకంటే చచ్చిన బూజు కూడా అలర్జీ తెప్పిస్తుంది. అందుకే దాన్ని చంపి గోడ మీద వదిలేస్తే సరిపోదు. రుద్ది, తుడిచి, ఇంట్లోంచి బయటికి పంపాలి.

తడి ఇల్లు ఆరోగ్యానికి చేసే కీడు మన ఊహ కాదు. తేమ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, ఆయాసం, ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాల్లో రాసింది. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పసివాడు 2020 డిసెంబరులో చనిపోయాడు. అద్దె ఫ్లాటులోని బూజును ఎక్కువ కాలం పీల్చడం వల్ల వచ్చిన శ్వాసకోశ వ్యాధే కారణమని 2022 నవంబరులో విచారణ అధికారి తేల్చారు. ఆ బూజు గురించి తండ్రి 2017లోనే మొరపెట్టుకుంటే, దాని మీద పెయింటు వేసుకోమన్నారు. ఆ పిల్లవాడి పేరుతో అక్కడ చట్టం వచ్చింది. మన దగ్గర అద్దెకున్నవాళ్లు ఇలా అడిగితే ఈనాటికీ వినిపించే జవాబు అదే: "ఒక కోటింగ్ వేయిస్తాం."

ఇప్పుడు దుకాణంలో దొరికే మందుల సంగతి ఒక్కొక్కటిగా చూద్దాం.

బ్లీచింగ్ గట్టి గచ్చు మీద, టైల్స్ మీద, స్టీలు మీద బాగా పనిచేస్తుంది. డ్రైనేజీ నీళ్లు చేరిన ఇంట్లో దాని అవసరం నిజంగా ఉంది. ఆ అవసరం మురుగులోని బ్యాక్టీరియా కోసం. గోడ విషయం వేరు. ఇటుక గోడ, లప్పం, చెక్క నీటిని పీల్చుకుంటాయి. మందు పైనే ఉండిపోతుంది, అందులోని నీరు లోపలికి దిగి గోడకు ఇంకా తడి పెడుతుంది. బురద ఉన్న చోట చల్లితే ఆ బురదతోనే దాని బలం అయిపోతుంది. కాబట్టి ముందు సబ్బునీళ్లతో కడిగి, తర్వాతే బ్లీచింగ్ వాడాలి. సీసాల్లో దొరికే ద్రవమైతే నాలుగు లీటర్ల నీటికి 240 మిల్లీలీటర్లకు మించకూడదు. పౌడరైతే లీటరు నీటికి 10 గ్రాములు, అంటే రెండు చిన్న చెంచాలు కలిపి, కాసేపు ఉంచి పైన తేరిన నీళ్లు వాడుకోవాలి. పొట్లం విప్పి నెలల తరబడి పడి ఉన్న పౌడర్‌కు బలం ఉండదు. బ్లీచింగ్‌లో నీళ్లు తప్ప ఇంకేమీ కలపకండి. యాసిడ్, వెనిగర్, శానిటైజర్, అమ్మోనియా ఉన్న క్లీనర్లు, ఏవీ వద్దు.

యాసిడ్‌కు బూజు తీయడంలో చోటే లేదు. సిమెంటును తింటుంది, ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. అమ్మకంపై సుప్రీంకోర్టు 2013లో ఆంక్షలు పెట్టినా చిన్న దుకాణాల్లో చేతికందుతోంది కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

ఫినాయిల్, ఫ్లోర్ క్లీనర్లు నేల తుడవడానికి. వాసన మారినంత మాత్రాన గోడ ఆరినట్టు కాదు. వీటిని పొగమంచులా గదినిండా కొట్టించడం మాత్రం ప్రమాదం. నేలకు సురక్షితమైన మందు ఊపిరితిత్తికి సురక్షితం కానక్కర్లేదని దక్షిణ కొరియా చాలా ఖరీదు కట్టి నేర్చుకుంది. గదిలో గాలిని తేమగా ఉంచే యంత్రాల నీటిలో క్రిములు పెరగకుండా వేసే మందులు అక్కడ 1994 నుంచి అమ్మారు. వాటి ఆవిరిని పీల్చిన బాలింతలు, పసిపిల్లల ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. 2011లో గర్భిణులు, బాలింతలు వరుసగా ఆసుపత్రిలో చేరాక గానీ కారణం బయటపడలేదు. వందల ప్రాణాలు పోయాయి. ఒళ్లు కాపాడాల్సిన మందు గాలిలో కలిసి ఊపిరి తీసింది. ఇంటికొచ్చి యంత్రంతో "ఫాగింగ్" చేస్తామనేవాళ్లను చూసినప్పుడు ఈ సంగతి గుర్తుకు రావాలి.

ఫార్మాలిన్ పొగ అసలే వద్దు. కోళ్లఫారాల్లో, ఆపరేషన్ థియేటర్లలో మనుషులు లేనప్పుడు లెక్క ప్రకారం వేసే పొగ అది. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిధిలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. పడకగదిలో దానికి పని లేదు.

పంటకు కొట్టే శిలీంధ్రనాశినులను కూడా ఇంట్లోకి తేకండి. ఊరినుంచి బంధువులు తెచ్చారనో, చవకగా దొరికిందనో గోడకు కొట్టొద్దు. డబ్బా మీద కొనపై నిలబెట్టిన చతురస్రం, దాని కింది సగంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఏదో ఒక రంగు ఉంటే అది 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం కింద అమ్మే విషం. ఎరుపు అన్నింటికన్నా ప్రాణాంతకం. లేబుల్ మీద పంట పేరుంటే అది పొలానికే.

సాంబ్రాణి ధూపం గదిని ఆరబెట్టదు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం పెంచుతుంది. నాఫ్తలీన్ ఉండలు బూజు వాసనను కప్పేస్తాయి. పుట్టుకతో జీ సిక్స్ పీడీ ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకు ఆ ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు చితికి పచ్చకామెర్లు వస్తాయి. పిల్లల బట్టల్లో ఆ ఉండలు పెట్టకండి.

మన పెద్దల చేతిలోని సున్నాన్ని మాత్రం చిన్నచూపు చూడొద్దు. సున్నంలోని క్షారగుణం బూజుకు గిట్టదు. సున్నం వేసిన గోడ లోపలి తడిని బయటికి వదులుతుంది. ప్లాస్టిక్ పొరలాంటి ఎమల్షన్ ఆ తడిని లోపలే బంధిస్తుంది. బూజు రాని పెయింటు అని రాసి ఉన్న డబ్బా తప్పేమీ కాదు. ఆరిన గోడకు వేస్తే పనికొస్తుంది, తడి గోడకు వేస్తే మూడు నెలల్లో పొక్కులు లేచి పెచ్చులుగా రాలుతుంది.

మరి ఏం చేయాలి? పని ఈ వరుసలో జరగాలి.

నీళ్లు దిగగానే మెయిన్ స్విచ్ ఆపి ఉందో లేదో చూడండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా తడిసిన ప్లగ్గులు ముట్టుకోకండి. నష్టం లెక్కకు పనికొస్తాయి కాబట్టి గోడ మీద నీటి గీత కనిపించేలా ఫొటోలు తీసుకోండి.

మురుగునీరు పీల్చుకున్న పరుపులు, దిండ్లు, కార్పెట్లు, ఉబ్బిన ప్లైవుడ్, జిప్సం ఫాల్స్ సీలింగ్ ముక్కలు బయట పడేయండి. మనసు ఒప్పుకోదని తెలుసు. పెళ్లినాటి పరుపు, కిస్తీలు ఇంకా తీరని దివాన్. అయినా వాటి లోపలి బూజును ఏ మందూ చేరలేదు. బట్టలు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. సంపులోకి నీళ్లు చేరి ఉంటే పూర్తిగా తోడి, కడిగి, క్లోరిన్ వేసేదాకా ఆ నీరు వంటకు, తాగడానికి వాడకండి.

గోడ మీది లప్పం ఉబ్బి ఉంటే నీటి గీతకు ఒక అడుగు పైదాకా గీకేయండి. ఇటుక గోడ నీటిని పైకి లాక్కుంటుంది. పొడిగా గీకకండి, నీళ్లు చిలకరించి తడిపి గీకండి. పొడిగా గీకితే బూజు ధూళి ఇల్లంతా ఎగురుతుంది. కోవిడ్ నాటి ఎన్95 మాస్కు బీరువాలో ఉంటే దానికి ఇప్పుడు పని పడింది. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. తర్వాత సబ్బు లేదా డిటర్జెంట్ నీళ్లతో రుద్ది తుడవండి. బూజు తుడిచేదాకా ఆ గదిలో సీలింగ్ ఫ్యాన్ వేయకండి. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మేర బూజు ఉంటే ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు తుడుచుకోవచ్చు. అంతకు మించి పాకితే అనుభవమున్న వాళ్లను పిలవండి.

తర్వాతిది ఓపిక పట్టాల్సిన పని. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఆరడానికి వారాలు పడుతుంది, కొన్నిసార్లు నెలలు. 2020 వరద అక్టోబరు నడిమధ్య వచ్చింది, వెనకాలే పొడి చలికాలం తోడొచ్చింది. ఆగస్టులో నీళ్లొస్తే ఆ అదృష్టం ఉండదు, బయటి గాలే తడిగా ఉంటుంది. ముసురు పట్టినప్పుడు కిటికీలు తెరిచి లాభం లేదు. మధ్యాహ్నం ఎండ పడిన గంటల్లో ఎదురెదురు తలుపులు, కిటికీలు తెరవండి. బీరువాలు, మంచాలు గోడకు జానెడు ఎడంగా జరపండి. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో పెట్టండి.

ఆరిందో లేదో చెయ్యి పెట్టి చూస్తే తెలియదు. పలుచటి ప్లాస్టిక్ కాగితాన్ని మూరెడు వెడల్పున కత్తిరించి గోడకు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించండి. మర్నాడు చూడండి. లోపలివైపు నీటి బిందువులు ఉన్నా, గోడ రంగు ముదిరినా తడి ఇంకా ఉందన్నమాట. ప్లాస్టిక్ పొడిగా ఉన్న రోజునే లప్పం, ప్రైమర్, పెయింటు. కావాలంటే బూజు నిరోధక పెయింటు కూడా అప్పుడే.

ట్రీట్‌మెంట్ చేస్తామని ఎవరైనా ఇంటికి వస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. మీరు వాడే మందు అసలు పేరేమిటి, లేబుల్ చూపిస్తారా? మందుకు ముందు గోడ ఎంత తడిగా ఉందో కొలుస్తారా? తడి ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టారా? పని అయ్యాక ఎన్ని గంటలు బయట ఉండాలి? మొదటి ప్రశ్నకే "కంపెనీ సీక్రెట్" అంటే గుమ్మం నుంచే పంపేయండి. పిల్లలు ఇంట్లో ఉండగానే కొట్టొచ్చు, ఏమీ కాదు అనేవాళ్లనూ నమ్మకండి.

ఒక భయం గురించి కూడా చెప్పాలి. 2021 మే నెలలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు బ్లాక్ ఫంగస్ రోగుల బంధువులు పడిగాపులు పడిన దృశ్యం ఈ నగరం మరిచిపోలేదు. అప్పటినుంచి గోడ మీద నల్ల మచ్చ చూస్తేనే చాలామందికి గుండె దడ. ఆ జబ్బు మ్యూకర్‌మైకోసిస్. కోవిడ్ సోకి, షుగరు అదుపు తప్పి, స్టెరాయిడ్లు వాడినవాళ్లను ఎక్కువగా పట్టింది. గోడ మీద నల్లగా కనిపించే బూజులు చాలా రకాలు, రంగును బట్టి ప్రమాదం చెప్పలేం. ఆ భయంతో పరుగెత్తి దొరికిన మందల్లా కొట్టకండి. కానీ ఇంట్లో కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, షుగరు అదుపులో లేనివాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు ఉంటే మాత్రం వాళ్లను శుభ్రం చేసే రోజుల్లో తెలిసినవాళ్లింటికి పంపండి. రెండు వారాలైనా దగ్గు తగ్గకపోతే, రాత్రుళ్లు పిల్లికూతలు వినిపిస్తే బస్తీ దవాఖానాకు వెళ్లండి. ఇల్లు తడిసిందన్న సంగతి డాక్టరుకు మీరే చెప్పండి.

ఇంటి యజమానులకూ, హాస్టళ్లు నడిపేవాళ్లకూ ఒక మాట. కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, గడ్డిఅన్నారం సందుల్లో కింది గదుల్లో నలుగురేసి సర్దుకునే పిల్లలకు ఆ గోడకు ఏడాది కింద నీళ్లొచ్చాయని తెలియదు. కొత్త పెయింటు వాసన చూసి మంచి గది అనుకుంటారు. నీళ్లొచ్చిన గదికి గోడ ఆరకముందే రంగు వేసి అద్దెకివ్వడం ఆ పిల్లల ఊపిరితో బేరమాడటమే. అద్దెకు దిగేవాళ్లు కూడా మంచం వేసే ముందు కింది మూడు నాలుగు అడుగుల గోడను తట్టి చూడండి, బీరువా జరిపి చూడండి.

నగరపాలక సంస్థను మేం కోరేది పెద్దదేమీ కాదు. వరద కాలనీల్లో బ్లీచింగ్ పౌడర్ పంచేటప్పుడు ప్రతి పొట్లంతోపాటు తెలుగులో, ఉర్దూలో, హిందీలో ఒక కాగితం ఇవ్వండి. కొలత ఎంత, దేనితో కలపకూడదు, గోడ ఎలా ఆరబెట్టాలి, ఈ మూడే చాలు. తేమ కొలిచే మీటరు ఒకటి ప్రతి వార్డు కార్యాలయంలో ఉంచి అడిగిన ఇంటికి అరువివ్వండి. వరద సాయం లెక్కగట్టేటప్పుడు పరుపునూ గోడనూ కూడా నష్టంగా రాయండి. నాలాలు వెడల్పు చేసేదాకా, చెరువుల దారి తెరుచుకునేదాకా ఈ కాలనీల్లోకి నీళ్లు రాకుండా ఆపలేకపోవచ్చు. వచ్చిన నీళ్ల తర్వాత ఒక్క ఇంట్లోనూ మందు కొట్టి జనం ఊపిరాడక పడిపోకుండా ఆపడం మాత్రం ఈ వారమే చేయగలరు.

పెయింట్ల దుకాణాల అన్నలకూ ఓ మనవి. వరద కాలనీ నుంచి వచ్చి మందు అడిగినవాళ్లకు డబ్బా చేతికిచ్చే ముందు "గోడ ఆరిందా?" అని అడగండి. ఆరలేదంటే నెల రోజులాగి రమ్మనండి. ఆ రోజు బేరం పోవచ్చు, ఆ ఇంట్లో దగ్గే పసిపిల్ల మీ బిడ్డే అనుకోండి.